మంచు పట్టని గుడారం

భూమేశ్ చెప్పినట్టు విని పడుకున్నవాళ్లెవరూ చలికి లేచి కూర్చున్నారన్న మాట ఆ కంపెనీలో ఆరేళ్లుగా వినపడలేదు. చలికాలం వస్తే ప్రతి గురువారం సాయంత్రం మస్కట్ జనాన్ని జెబెల్ షమ్స్ కొండ మీదికి ఎక్కించి, రెండు రాత్రులు గుడారాల్లో పడుకోబెట్టి, శనివారం దించి తెచ్చే కంపెనీ అది. మస్కట్ శివారు ఘాలాలో గ్యారేజీల వెనక దాని గోడౌన్. ఎండాకాలమంతా భూమేశ్ ఆ గోడౌన్‌లోనే గుడారాలు ఉతికి ఆరబెట్టి, చిరుగులకు అతుకులు వేస్తాడు. కింద ఊళ్లో జనవరిలో కూడా మధ్యాహ్నం చొక్కా తడుస్తుంది. పైన తెల్లారేసరికి సీసాలో నీళ్లు గడ్డకడతాయి. ఇళ్లలో మెత్తటి మంచాలున్నవాళ్లు పనిగట్టుకుని వెళ్లి ఆ రాళ్ల మీద వణకడం ఎందుకో అతనికి మొదట్లో తెలియలేదు. ఒక చలికాలం గడిచాక తెలిసింది. వాళ్లకు కావలసింది చలి కాదు, చలి నడిమధ్యన తామొక్కరే వెచ్చగా ఉండడం.

గల్ఫ్ కూలీ అనగానే కన్నీళ్లు సిద్ధం చేసుకునేవాళ్లకు భూమేశ్ పెద్దగా అక్కరకు రాడు. మెట్‌పల్లి అవతలి పల్లె నుంచి పంతొమ్మిదేళ్ల కింద వచ్చాడు. పదమూడేళ్లు సెంట్రింగు చెక్కలు మోశాడు. ఎన్నో బిల్డింగులకు స్లాబు వేసినప్పుడు కింద నిలబడ్డాడు, ఒక్కటి కూడా పూర్తయ్యాక లోపలికి వెళ్లి చూడలేదు, చూడాలనీ అనిపించలేదు. తరవాత ఈ పనిలో పడ్డాడు. నచ్చింది. నచ్చిందని చెప్పడానికి సిగ్గుపడలేదు. అతని భార్య రజిత మాత్రం ఫోనులో ఏడిపించేది.

"ఇంట్ల ఒక్కనాడు నీ దుప్పటి నువ్వు మడతవెట్టలే. ఆడ ఊరందరికి పక్కలు పరుస్తున్నవా?"

"నువ్వు రా, నీకు గూడ పరుస్త."

"నాకెందుకు? ఈడ ఫ్యాను కిందనే ఉడుకపోస్తున్నది."

ఆ పని అతనికి కంపెనీ నేర్పింది కాదు. కురుమల ఇంట్లో పుట్టాడు. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం తమ పొలంలో గొర్రెల మందను పడుకోబెట్టుకుంటారు. మందతోపాటు కాపరి కూడా ఆ మళ్లలోనే పడుకోవాలి. చలికాలమంతా అతని తండ్రి భూమయ్య అలాగే పడుకున్నాడు. పదిహేడేళ్లు వచ్చేదాకా భూమేశ్ కూడా ఆయన పక్కనే పడుకున్నాడు. చలి పై నుంచి రాదు, కింది నుంచి వస్తుంది. చలి నీళ్లలాగే పల్లానికి పారుతుంది. ఈ రెండు ముక్కలూ అక్కడ నేర్చుకున్నవే. కొండ మీద కూడా అవే పనికొచ్చాయి.

అందుకే గుడారం వేసేముందు అతను చోటు చూస్తాడు. గుంటలో వెయ్యడు, అంచున వెయ్యడు. గాలి వచ్చే వైపుకు గుడారం వీపు పెడతాడు. కింద తాటిపత్రి, దాని మీద విప్పి చదును చేసిన అట్టపెట్టెలు, వాటి మీద స్పాంజి చాప, ఆ పైన కంబళి. మీద ఎన్ని కప్పుకున్నా కింద ఇంత లేకపోతే నడుముకు రాయి తగిలినట్టే ఉంటుంది. స్లీపింగ్ బ్యాగును అరగంట ముందే విప్పి, దిండును దులిపినట్టు దులిపి, గాలి పట్టనిస్తాడు. మూత గట్టిగా బిగించిన వేడినీళ్ల సీసాను కాళ్ల దగ్గర కాదు, తొడల మధ్య పెట్టుకోమంటాడు. పగటి బట్టలు మేజోళ్లతో సహా విప్పించి పొడివి వేయిస్తాడు, ఎందుకంటే ఎండలో పట్టిన చెమటే రాత్రి చలి అవుతుంది. గుప్పెడు ఖర్జూరాలు తినిపిస్తాడు. పడుకునేముందు ఒంటికి పోయి రమ్మని పెద్ద పెద్ద ఆఫీసర్లకు కూడా మొహమాటం లేకుండా హిందీలో చెబుతాడు, కడుపులో పట్టుకున్న నీళ్లను వెచ్చబెట్టడానికే సగం ఒంటి వేడి పోతుందని. అన్నీ అయ్యాక గుడారం నెత్తిన ఉన్న గాలికంతను బెత్తెడు తెరిచి పెడతాడు. చలి వస్తుందని గెస్టులు మూస్తారు. అతను మళ్లీ తిరిగి వచ్చి తెరుస్తాడు. కంత మూస్తే ఊపిరి తడే గుడ్డకు పట్టి మొహం మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఇక నిప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. నిప్పు బయట, మనిషి లోపల. అంతే.

మందకాడ నేర్చుకున్నది ఇంకొకటి కూడా ఉంది. చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. రెండోసారి పిలిచినా పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే మనిషి. మనిషి కానిది రెండుసార్లకు మించి పిలవదు.

వినడానికి నవ్వు వస్తుంది గానీ ఇందులో దయ్యం పాలు తక్కువ, దొంగ పాలు ఎక్కువ. ఒకడు గట్టు మీద నిలబడి పేరు పెట్టి పిలుస్తాడు. కాపరి పలికి అటు నడుస్తాడు. రెండోవాడు ఇటు నుంచి రెండు గొర్రెలను ఎత్తుకుపోతాడు. మూడోసారి పిలిచేంత తీరిక దొంగకు ఉండదు. ఇంత తెలివైన జాగ్రత్తను జనం దయ్యానికి అప్పజెప్పి చేతులు దులుపుకున్నారు. మందలు తగ్గాయి, దొంగలు వేరే పనులు చూసుకున్నారు, పాటింపు మాత్రం మిగిలింది. భూమేశ్‌లో అయితే ఎముకలదాకా మిగిలింది. ఘాలా రూములో కూడా నిద్రలో ఉన్నప్పుడు మూడుసార్లు పిలిస్తే గాని కళ్లు తెరవడు. రూములోవాళ్లు అతన్ని లేపాలంటే ఒక్క ఊపులో మూడుసార్లు పిలిచేస్తారు.

ఆ జనవరిలో కంపెనీకి అంకయ్య వచ్చాడు. భూమేశ్ వాళ్ల ఊరి వాగు అవతలి ఊరివాడు, యాభై ఒక్కటేళ్లు. సూర్‌లో సైటు మూతబడితే ఇక్కడికి మారాడు. ఇరవై రెండేళ్లు సముద్రపు ఒడ్డు ఉక్కలో పనిచేసిన ఒళ్లు. కొండ మీద మొదటి రాత్రి కంటి మీద కునుకు లేకుండా, ఆరిపోయిన బొగ్గుల దగ్గర దుప్పటి ముసుగేసుకుని కూర్చున్నాడు. రెండో సాయంత్రం సూర్యుడు లోయ అవతలికి దిగేసరికే పళ్లు టకటకలాడుతున్నాయి.

"గల్ఫ్‌ల చలేందే తమ్మీ? ఊళ్లె చెప్తె నవ్వుతరు," అన్నాడు. అతను భూమేశ్‌ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. తమ్మీ అంటాడు.

"నవ్వనియ్యి. నువ్వు ముందుగాల ఆ చెమట బనీను ఇప్పు అంకన్నా."

"ఇప్పితె చస్త."

"ఇప్పకుంటెనే చస్తవు."

డ్రైవరు, వంటవాడు రెండూ తానే అయిన ఖమరుద్దీన్ పొయ్యి దగ్గర నుంచి నవ్వాడు. కడపవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీళ్లతో కడప తెలుగు. "చెప్పినట్టు వినప్పా అంకయ్యన్నా. మొన్నొకాయన ఈయన మాట వినక కాళ్లు చల్లబడి, తెల్లార్లూ నా బండిలో హీటరేసుకోని కూచున్న్యాడు. నా నిద్రంతా ఆయప్ప పాలైపాయ."

అంకయ్య చూపు భూమేశ్ గుడారం ముందు మడిచి పెట్టిన గొంగడి మీద పడింది. నల్లది, గరుకుది, మూడేళ్ల కింద ఇంటి నుంచి తెచ్చుకున్నది. స్లీపింగ్ బ్యాగు కింద అది పరుచుకుంటే కొండ చల్లదనం భూమేశ్ దాకా రాదు.

"ఆ గొంగడి ఇయ్యరాదు తమ్మీ, ఈ ఒక్క రాత్రికి."

"రేపిస్త."

"రేపు కిందికి దిగుతం గదనే."

"అందుకే రేపిస్తనంటున్న."

ఖమరుద్దీన్ గట్టిగా నవ్వాడు. అంకయ్యా నవ్వాడు, చేతులు చంకల్లో పెట్టుకుని. పరాచికం అక్కడితో అయిపోయింది. భూమేశ్ అతనికి అట్టలు రెండు పొరలు ఎక్కువే పరిచాడు, ఉన్నవాటిలో మంచి బ్యాగే ఇచ్చాడు, వేడినీళ్ల సీసా ఇచ్చాడు. గొంగడి ఒక్కటి ఇవ్వలేదు.

అక్కడ చోటు ఎలా ఉంటుందో కాస్త చెప్పుకోవాలి. కొండ నెత్తిన చదునైన రాతినేల. ఒకవైపు అది ఉన్నట్టుండి అయిపోతుంది. ఆ అంచు కింద, చూస్తే కళ్లు తిరిగే లోయ. లోయ గోడకు అంటుకుని, ఎప్పుడో మనుషులు వదిలేసిన రాతి ఇళ్లు నాలుగైదు ఉన్నాయి. కప్పులు కూలి గోడలు మిగిలాయి. గుమ్మాలు మాత్రం ఇంకా గుమ్మాల్లాగే నల్లగా కనిపిస్తాయి. అంచుకు బాగా ఎడంగా గెస్టుల గుడారాలు నాలుగు. ఆ వారం వచ్చినవాళ్లు మస్కట్‌లోని అల్ ఖౌద్ నుంచి ఎనిమిది మంది. వాళ్లకు కొంచెం దూరంలో, కాపలాకన్నట్టు భూమేశ్ చిన్న గుడారం. పెద్ద బండరాయి వెనక పొయ్యి, ఖమరుద్దీన్ బండి, గిన్నెలూ బొగ్గు బస్తాలూ ఉండే సామాను గుడారం. అంకయ్య పక్క ఆ సామాను గుడారంలో.

పది దాటాక భూమేశ్ ఒక చుట్టు తిరిగాడు. నాలుగు గుడారాల గాలికంతలూ తెరిచి ఉన్నాయి. బండ వెనక్కి వెళ్లి చూశాడు. అక్కడా తెరిచే ఉంది.

"పండుకున్నవా అంకన్నా?"

"పండుకున్న పో," అని లోపలి నుంచి వణుకుతున్న గొంతు.

అతను వచ్చేశాక అంకయ్య లేచాడు. గెస్టులు మాంసం కాల్చుకున్న పళ్లెంలో బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఖాళీ పాలపొడి డబ్బాలోకి వాటిని ఎత్తి, పైన బూడిద కప్పి, లోపలికి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. జిప్పు మూశాడు. గాలికంతలో తువ్వాల కుక్కాడు. ఇందులో అతనికి తప్పేమీ కనిపించలేదు. అతని తల్లి చలికాలం నులకమంచం కింద కుంపటి పెట్టుకునే పడుకునేది, ఎనభై ఏళ్లు బతికింది. ఆ ఇంటికి గూన కప్పు ఉండేదనీ, పెంకు పెంకుకూ మధ్య గాలి ఆడేదనీ, గుడారానికి అలాంటి సందులు లేవనీ అతనికి చెప్పినవాళ్లు లేరు. భూమేశ్ చెప్పింది నిప్పు పెట్టొద్దనే. గుడ్డ అంటుకుంటుందని కాబోలు అనుకున్నాడు అంకయ్య. బూడిద కప్పిన బొగ్గు అంటుకోదు కదా. దాని నుంచి వచ్చే విషపు గాలికి రంగూ వాసనా ఉండవని అతనికి తెలియదు.

భూమేశ్ తన గుడారంలో గొంగడి మీద, బ్యాగులోకి మెడదాకా దూరి పడుకున్నాడు. వెన్నెల ఉంది. గుడారాన్ని నేలకు కట్టిన తాడు నీడ లోపలికి గుడ్డ మీద గీతలా పడుతోంది, సరిగ్గా కుట్టు పక్కన. గాలి లేదు. ఆ కొండ మీద గాలి లేని రాత్రే ఎక్కువ చల్లగా ఉంటుంది. ఒళ్లు వెచ్చబడింది. నిద్ర పాదాల నుంచి పైకి వస్తోంది.

"భూమేశా."

కళ్లు తెరిచాడు. కేక కాదు. తొందర లేని పిలుపు, పొలం గట్టు మీద నుంచి బువ్వకు పిలిచినట్టు.

"భూమేశా."

రెండోది కొంచెం చిన్నగా వచ్చింది.

అతను పలకలేదు. పలకకూడదని అనుకోవడం కూడా లేదు. నాలుక దానంతటదే పళ్ల వెనక నిలబడిపోయింది. మూడోసారి కోసం చూశాడు. తాడు నీడ కుట్టు మీదికి వచ్చింది. పక్క గుడారంలో ఎవరో ఒత్తిగిలిన చప్పుడు. తరవాత అదీ లేదు. మూడో పిలుపు రాలేదు. వచ్చిందేమో, తాను కునుకు తీశాడేమో అని చెవి పెట్టాడు. ఏమీ లేదు. మూడోది రాలేదు గనుక మనిషి కాదు. మనిషి కాదు గనుక పడుకోవచ్చు. నడుము కింద గొంగడి రాయిని ఆపుతోంది. తొడల మధ్య సీసా ఇంకా వేడిగా ఉంది. ఇంత బాగా పక్క ఎప్పుడు కుదిరిందో అతనికి గుర్తు రాలేదు.

నీడ కుట్టు దాటింది. దాటి జానెడు దూరం జరిగింది. అదంతా అతను చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు ఒక మాట తట్టింది. మనిషి కానిది రెండుసార్లే పిలుస్తుంది, సరే. మూడోసారికి ఊపిరి చాలని మనిషి కూడా రెండుసార్లే పిలుస్తాడు. మందకాడ ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

జిప్పు లాగాడు. చలి మొహాన్ని చెంపదెబ్బలా కొట్టింది. టార్చి వెయ్యలేదు, వెన్నెల చాలు. గెస్టుల గుడారాల మీద మంచు తెల్లగా, ఉప్పు చల్లినట్టు పేరుకుంది. నాలుగింటి మీదా ఉంది. ఒక్కో గుడారం దగ్గరా నిలబడి చెవి పెట్టాడు. గురక, దగ్గు, చిన్నపిల్ల కలవరింత. నలుగురు పడుకున్న గుడారం మీద కూడా మంచు ఉంది. బండ చుట్టూ తిరిగాడు. బండి పైకప్పు తెల్లగా ఉంది. పొయ్యి పక్క గిన్నెల మూతలు తెల్లగా ఉన్నాయి. సామాను గుడారం మీద మంచు లేదు. అది ఒక్కటీ తడిసి నల్లగా, వానలో నిలబడ్డ గేదెలా ఉంది.

ఒక్క మనిషి ఒంటి వేడికి మంచు కరగదు.

జిప్పు లాగగానే లోపలి నుంచి వెచ్చటి గాలి మెల్లగా మొహాన్ని తాకింది. కమ్మగా ఉంది. దాన్ని అతను తరవాత ఎప్పుడూ మరిచిపోలేదు, అది కమ్మగా ఉండడాన్ని. అంకయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పళ్లు టకటకలాడడం లేదు. మొహంలో ఏ బాధా లేదు. రెండు రోజులుగా ముడుచుకుపోయిన మనిషి చేతులు చాపుకుని పడుకున్నాడు.

భూమేశ్ ఊపిరి బిగబట్టి లోపలికి దూరి, బ్యాగుతో సహా కాళ్లు పట్టి బయటికి ఈడ్చాడు. రాళ్ల మీద తల కొట్టుకుంటుందని కింద తన చెయ్యి పెట్టాడు. చెంపలు తట్టాడు.

"అంకన్నా."

పలుకు లేదు.

"అంకన్నా."

నోటి దగ్గర చెవి పెట్టాడు. ఊపిరి ఉందో, తన ఊపిరే తనకు వినిపిస్తోందో తెలియలేదు.

"ఓ అంకన్నా."

"ఊఁ," అన్నాడు అంకయ్య. అని పక్కకు తిరిగి కక్కుకున్నాడు.

చావు గుమ్మంలో కూడా మూడోసారికి గాని పలకని మనిషిని చూసి నవ్వాలో ఏడవాలో భూమేశ్‌కు ఆ తరవాత చాలా రోజులు తెలియలేదు. అప్పుడు మాత్రం బండి అద్దం మీద పిడికిలితో కొట్టాడు. భూమేశా అని రెండుసార్లు పిలుపు వినపడి లేచానని చెప్పాడు. ఖమరుద్దీన్ ఒక్క మాటా అడగకుండా అంకయ్యను వెనక సీట్లో వేసుకుని, కిటికీలన్నీ దించి, మట్టిరోడ్డు మలుపుల మీద కిందికి ఆసుపత్రికి తీసుకుపోయాడు. గెస్టులకు తోడు భూమేశ్ పైనే ఉండిపోయాడు. తెల్లారేదాకా పొయ్యి రగిలించి దాని ముందు కూర్చున్నాడు. అంచు వైపు వీపు పెట్టలేదు.

మధ్యాహ్నం బండి తిరిగి వచ్చింది. అంకయ్య బతికాడు. మొహానికి గొట్టం పెట్టి ఆక్సిజన్ ఇస్తున్నారు. మాట్లాడుతున్నాడు.

"ఇంకో అరగంటైతే ఒట్టి ఒళ్లు తెచ్చేవాళ్లంట. డాక్టరు నాతో అన్న్యాడు," అన్నాడు ఖమరుద్దీన్ టీ గ్లాసు అందుకుంటూ. "సరిగ్గా అరగంట."

భూమేశ్ తాడు వైపు చూశాడు. పగలు దాని నీడ రాళ్ల మీద పడుతోంది.

"నన్నెట్ల పిలిచిండో అడిగినవా?"

"అడిగినా. నేనెందుకు పిలుస్తా అన్న్యాడు. అంత మంచి నిద్ర పుట్టినాక పోలేదంట. పొయ్యి పక్కన పండుకున్నట్టుందంట. మనం లేపకుంటే బాగుండేదన్నట్టు మాట్లాడినాడప్పా."

"మరి నువ్వు పిలిచినవా?"

"నేనా? అద్దాలెక్కించి పండుకుంటి. నేను పిలిస్తే భూమేశన్నా అంటా. ఉత్త భూమేశా అంటానా ఎప్పుడన్నా?"

గెస్టులు సామాను సర్దుకుంటుంటే ఖమరుద్దీన్‌కు ఒక ఆలోచన వచ్చింది. తేల్చుకుందామన్నాడు. భూమేశ్‌ను గుడారంలో రాత్రి పడుకున్నట్టే పడుకోమన్నాడు. తాను సామాను గుడారం దగ్గర నిలబడి పిలిచాడు. భూమేశ్‌కు ఒక్కసారి వినపడింది. పొయ్యి దగ్గర నుంచి పిలిచాడు. ఒక్కసారే. బండి పక్క నుంచి పిలిచాడు. ఒక్కసారే. బండరాయి అడ్డం, లోయకు ఆ గొంతు అందదు. తరవాత చాలాసేపు చప్పుడు లేదు. చెప్పుల కింద రాళ్లు నలిగిన శబ్దం అంచు వైపు దూరమైంది.

"భూమేశా."

లోయ ఆ మాటను తీసుకుని, ఒక్క క్షణం ఉంచుకుని, తిరిగి ఇచ్చింది.

"భూమేశా."

రెండోది కొంచెం చిన్నగా, తొందర లేకుండా వచ్చింది. పట్టపగలు, ఎండలో, పక్కన మనుషుల మాటలు వినిపిస్తుండగా, భూమేశ్ నాలుక మళ్లీ పళ్ల వెనక నిలబడిపోయింది.

ఖమరుద్దీన్ వచ్చాడు. మొహంలో నవ్వు లేదు. "విన్న్యావా?"

"విన్న."

"రెండు పాదాలు పెట్టేంత రాయి ఉండాది ఆడ. అంతే. దాని కింద ఆ పాడుబడ్డ ఇండ్లు. పగలే ఒక కాలు వెనక పెట్టి నిలబడినా. రాత్రి ఆడ నిలబడి నిన్ను పేరు పెట్టి పిలిచేటోడు ఎవురప్పా?"

దీనికి సమాధానాలు లేకపోలేదు. గాలి లేని రాత్రి చప్పుడు నడిచే దారి వేరు, మధ్యాహ్నం వేరు. అంకయ్య స్పృహ తప్పేముందు రెండుసార్లు పిలిచి, మరిచిపోయి ఉండొచ్చు. తమ్మీ అనే మనిషి ప్రాణం మీదికి వస్తే పేరు పెట్టే పిలవొచ్చు. భూమేశ్ సగం నిద్రలో ఉన్నాడు, అదీ నిజమే. ఖమరుద్దీన్ ఆ రోజు దారి పొడుగునా ఇవన్నీ ఒక్కొక్కటే చెప్పి చూశాడు. భూమేశ్ అన్నింటికీ తల ఊపాడు. అతన్ని తొలుస్తున్నది పిలిచింది ఎవరన్నది కాదు.

ఘాలా రూములో మాత్రం కథ అప్పటికే తయారై ఉంది. దేవుడే భూమేశ్‌ను లేపాడు. పిలుపు వినగానే భూమేశ్ ఉరికాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన రఘుపతి కొబ్బరికాయ కొట్టించాలన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన అంకయ్య అందరి ముందూ భూమేశ్ చెయ్యి పట్టుకుని, "నువ్వు గంత జల్ది ఉరికొచ్చినవు గాబట్టి ఉన్న తమ్మీ," అన్నాడు. దేవుడికి అంత శ్రద్ధ ఉంటే డబ్బాలో బొగ్గులు ఎత్తుకునేటప్పుడే చెయ్యి పట్టుకుని ఉండొచ్చని అక్కడ ఎవరికీ తోచలేదు. భూమేశ్ టీ కలుపుతానని లేచి వెళ్లాడు.

మళ్లీ గురువారం కొండ ఎక్కుతున్నప్పుడు, గెస్టుల బండ్లు ముందు వెళ్లిపోయి వాళ్లిద్దరే మిగిలినప్పుడు చెప్పాడు.

"ఖమర్ భాయ్, నేను ఉరుకలే."

ఖమరుద్దీన్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"తాడు నీడ జానెడు జరిగేదాంక పన్న. అరగంట ఉంటది. సూస్తనే ఉన్న."

"దయ్యమని భయపడినావు. దాంట్లో తప్పేముండాదన్నా. మా నాయన కూడా పలికేవాడు కాదు రాత్రుళ్లు."

"దయ్యమని కాదు." భూమేశ్ ఒళ్లోని గొంగడి మడత సర్దాడు. "వెచ్చగుండె."

ఖమరుద్దీన్ గేరు మార్చాడు. మలుపు వచ్చింది, దాని తరవాత ఇంకొకటి వచ్చింది.

అప్పటి నుంచి భూమేశ్ పక్క పరిచే తీరులో గెస్టులకు ఏమీ మారలేదు. అవే అట్టలు, అదే కంబళి, అదే సీసా. తన పక్క ఒక్కటే మారింది. గొంగడి ఇప్పుడు నడుము కింద ఉండదు. మడిచి, చెయ్యి చాపితే అందేలా జిప్పు పక్కన ఉంటుంది. నడుముకు రాయి తగులుతుంది. నిద్ర పడుతుంది గానీ లోతుకు దిగదు. లేవాలంటే గొంగడి నెత్తిన వేసుకుని లేవడమే. పాత కట్టుబాటును అతను తప్పలేదు. పిలిస్తే ఇప్పటికీ పలకడు. లేచి వెళతాడు, అంతే. పలకొద్దన్నారు గానీ పోవద్దని ఎవరూ అనలేదు.

అంకయ్య ఇక కొండకు రానన్నాడు. గోడౌన్‌లోనే పని. శనివారం బండి దిగగానే గుమ్మంలో నిలబడి అడుగుతాడు. "ఏం తమ్మీ, ఎవలన్న పిలిచిండ్రా?"

"నువ్వు లేవు గద అంకన్నా. ఎవలు పిలుస్తరు?"

"పిలిస్తె నేను అడిగిన్నని చెప్పు."

ఫిబ్రవరి చివర్లో, ఆ చలికాలానికి ఆఖరి ట్రిప్పులో, గాలి లేని రాత్రి ఒకటి వచ్చింది. భూమేశ్ మేలుకునే ఉన్నాడు.

"భూమేశా."

ఒక్కసారే. లోయ దాన్ని తిరిగి ఇవ్వలేదు.

రెండోదాని కోసం ఆగలేదు. గొంగడి నెత్తిన వేసుకుని బయటికి వచ్చాడు. గెస్టుల గుడారాలు నాలుగూ తెల్లగా ఉన్నాయి. ఒక్కొక్కదాని దగ్గరా చెవి పెట్టి, లోపలి ఊపిరిని పట్టుకునేదాకా కదల్లేదు. బండ వెనక్కి వెళ్లాడు. సామాను గుడారం తెల్లగా ఉంది. బండి తెల్లగా ఉంది. అద్దానికి మొహం ఆనించి చూస్తే ఖమరుద్దీన్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అంచు వైపు పది అడుగులు వేసి ఆగాడు. రాయి మీద ఎవరూ లేరు. అందరూ ఉన్నారు, అందరూ బతికే ఉన్నారు. అరగంట పట్టింది. పాదాలు మొద్దుబారాయి.

తిరిగి వస్తూ తలెత్తి చూశాడు. వెన్నెల్లో అన్ని గుడారాలూ ఉప్పు చల్లినట్టున్నాయి. తాను లేచి వచ్చిన గుడారం మీద మంచు లేదు. అది ఒక్కటీ తడిసి నల్లగా ఉంది.

ఒక మనిషి పడుకుంటే కరగదు. ఒక మనిషి లేచి వెళ్లిపోయాక అసలే కరగదు. అతని వృత్తి అది, ఏ పక్క ఎంతసేపు వెచ్చగా ఉంటుందో నిమిషాలతో సహా తెలుసు. జిప్పు తెరిచి వదిలేసిన బ్యాగు ఆ చలిలో పది నిమిషాలకు రాయి అవుతుంది.

భూమేశ్ గుడారం ముందు మోకాళ్ల మీద కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టాడు. ఎవరూ లేరు. పక్క వెచ్చగా ఉంది. నడుము ఆనే చోట మరీ వెచ్చగా, కమ్మగా, ఇప్పుడే లోపలికి వచ్చి పడుకో అన్నంత వెచ్చగా ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలుపు జిప్పు పూర్తిగా లాగి తెరిచాడు. వెనక జిప్పు తెరిచాడు. గాలికంత పూర్తిగా తెరిచాడు. గొంగడి చుట్టుకుని, లోపలున్న వెచ్చదనమంతా బయటికి పోయేదాకా, గుడ్డ మీద మంచు మెల్లమెల్లగా తెల్లగా పట్టేదాకా, గుడారం ముందు రాయి మీద కూర్చున్నాడు.